మౌసు నొక్కితే ముట్టినట్టేనా?

2007 వానాకాలంలో మా కాలేజీ నాకో కొత్త బాధ్యత అప్పగించింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం డిగ్రీ కాలేజీల అమ్మాయిలకు ఇంటర్నెట్టులో చదరంగం పోటీ జరపాలి. దానికి చీఫ్ ఆర్బిటర్‌ని నేను. ఆర్బిటర్ అంటే చదరంగంలో అంపైరు. క్రికెట్ అంపైరు ఎండలో నిలబడి వేలెత్తుతాడు. మేం నీడలో కూర్చుని అందరి నోళ్లూ మూయిస్తాం. తేడా అంతే.

కాలేజీలో నా అసలు ఉద్యోగం మార్కరు, అంటే ఆటస్థలంలో సున్నంతో గీతలు గీసేవాణ్ణి. అందరికీ పైన ప్రిన్సిపాలు, ఆయన కింద పీడీ, అనగా ఫిజికల్ డైరెక్టరు, పీడీ కింద నేను, నా కింద సున్నం బస్తా. తొమ్మిదో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ పొసగక బడి వదిలేశాను కానీ చదరంగం వదల్లేదు. జిల్లా ఆర్బిటర్ పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాను. అప్పటినుంచి ఎమ్మేలు చదివినవాళ్లు కూడా బోర్డు దగ్గర నేను 'ష్' అంటే ఊరుకునేవాళ్లు. బడి ఎగ్గొట్టినవాడికి ఇంతకంటే ఏం కావాలి?

అంతకు ముందు ఏడాది ఈ పోటీ హిందూపురంలో మామూలు బోర్డుల మీదే పెట్టాం. ధర్మవరం నుంచి పేర్లిచ్చినవాళ్లలో సగం మంది రాలేదు. రెండు రోజుల పోటీ, పరాయి ఊళ్లో బస అనేసరికి ఇళ్లల్లో ఒప్పుకోలేదు. అందుకే ఈసారి ఎవరి ఊళ్లో వాళ్లే, కాలేజీ కంప్యూటర్ గదిలో కూర్చుని ఆడేటట్టు ఏర్పాటు చేశాం. కరెంటు కోత ఒక్కో ఊళ్లో ఒక్కో వేళకు. మూడు ఊళ్ల కోతలూ ఒక కాగితం మీద రాసుకుని, మూడుచోట్లా కరెంటుండే గంటలు చూసి రౌండ్లు ఇరికించాను.

ఊరికిద్దరు చొప్పున ఆరుగురు అమ్మాయిలు. ఒక్కొక్కరూ మిగతా ఐదుగురితోనూ ఆడాలి. ఒక్కో ఆటకు మనిషికి ఇరవై ఐదు నిమిషాలు. హిందూపురం గదికి మా పీడీ సారు, ధర్మవరం గదికి అక్కడి మార్కరు ఓబులేశు పర్యవేక్షకులు. ఓబులేశుకు ఆర్బిటర్ పని నేర్పింది నేనే. నేను మాత్రం నడిమధ్యన పెనుకొండలో కూర్చుని అన్ని ఆటలూ తెర మీద చూస్తూ ఉండాలి. గెలిచిన అమ్మాయికి విశ్వవిద్యాలయం మహిళల జట్టులో నేరుగా చోటు.

ఆ చోటు అందరికంటే ఎక్కువ అవసరమైంది ధర్మవరం అమ్మాయి నూర్జహాన్‌కు. వాళ్ల నాయనది పట్టుచీరలకు పాలిష్ పట్టే చిన్న అంగడి. ఆమెకు డిగ్రీ ఆఖరి ఏడాది. జట్టులో ఆడిన సర్టిఫికెట్టుంటే పీజీలో ఆటల కోటా కింద సీటొస్తుంది, లేకపోతే చదువు అక్కడితో సరి. పేరు రాసుకునే రోజు ఆమె నాతో ఒకే మాట అంది: "మార్కులతో నాకు సీటు రాదు సార్. గుర్రాలతోనే రావల్ల."

ఆదివారం ఆఖరి రౌండు. నూర్జహాన్‌కు మూడున్నర పాయింట్లు. ఆమెతో ఆడేది హిందూపురం అమ్మాయి చంద్రకళ, ఆమెకు మూడు. గెలిస్తే ఒకటి, డ్రా అయితే అర. అంటే నూర్జహాన్‌కు డ్రా చాలు, చంద్రకళ గెలిచి తీరాలి. పెనుకొండ అమ్మాయిల ఆటలు ముందే ముగిశాయి. వాళ్లు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు.

ముప్పయ్యో ఎత్తు దాకా ఆట సమానంగా నడిచింది. ఆ తర్వాత నూర్జహాన్ గడియారం మాత్రమే కదులుతోంది, పావు కదలడం లేదు. నాలుగు నిమిషాలు అలాగే గడిచాక, ఆమె తన మంత్రిని తీసుకెళ్లి చంద్రకళ శకటు నోటికి అందించింది. మంత్రిని ఈ కాలపు పిల్లలు క్వీన్ అంటారు. అది పోతే ఆటలో ప్రాణం పోయినట్టే. చంద్రకళ ఆలోచించకుండా చంపేసింది.

"అయ్యో, చేతులారా ఇచ్చేశ్యా!" అంది నా వెనక అమ్మాయి.

ఓబులేశుకు ఫోన్ కొట్టాను. "ఏమప్పా ఓబులేశూ, ఆ పాప నిద్రపోతాండాదా? మంత్రిని యాడికి తోలింది?"

"నిద్రా లేదు, ఏమీ లేదన్నా. గుర్రాన్ని ఎత్తబోయింది. మౌసు ఎగిరి బాణం క్వీన్ మీద పడి నొక్కుకునింది. గడి పచ్చగా వెలిగింది. నేను చూస్తిని గదా, ముట్టుకుంటే ఆడాల్సిందే అంటి. క్వీన్‌కు ఉండేది మూడే గళ్లు, మూడిట్లోనూ చావే. పాపం, శానాసేపు చూసి ఆడింది."

చదరంగంలో పెద్ద నియమం ఒకటుంది. చేత్తో ముట్టుకున్న పావునే కదపాలి. మనసు మార్చుకుంటే కుదరదు. కానీ కంప్యూటర్లో నొక్కడం ముట్టడం కాదు. ఇంకో పావు నొక్కితే ముందుది విడిపోతుంది, ఆట సైటు ఒప్పుకుంటుంది. ఆ సంగతి అరిచి చెబుదామని నోరు తెరిచాను.

"నోటీసులో నాలుగో నిబంధన నువ్వే రాసినావు గదన్నా," అన్నాడు ఓబులేశు.

నోటీసు తీసి చూశాను. పోయినేటి బోర్డుల పోటీ నోటీసునే తేదీ, స్థలం మార్చి టైపు చేయించేశాను. నాలుగోది: 'ముట్టిన పావునే కదపవలెను.' కింద నా సంతకం, కాలేజీ ముద్ర. ఓబులేశు చేసింది నూటికి నూరుపాళ్లు సరి.

వెంటనే హిందూపురానికి ఫోన్. "సార్, అక్కడ చంద్రకళ ఒక పావు నొక్కి ఇంకోటి ఆడుతోందా?"

"నిన్నట్నుంచీ నొక్కుతానే ఉండాదబ్బా. ఒకటి నొక్కుతాది, వద్దనుకుంటాది, ఇంకోటి నొక్కుతాది. ఏం, తప్పా?" అన్నారు పీడీ సారు. ఆయన కబడ్డీ మనిషి. చదరంగంలో కూత పెట్టరని తెలిసిన రోజునుంచీ ఆయనకు దాని మీద గౌరవం పోయింది.

ఒకే ఆట, రెండు గదులు, రెండు రకాల న్యాయం. బోర్డు మీదైతే ఆర్బిటర్ గడియారం ఆపి విచారణ చేస్తాడు. ఆ సైటులో గడియారం ఆపే మీట ఆటగాళ్లకూ లేదు, నాకూ లేదు. ఆటగత్తె ఫిర్యాదు చేస్తే తప్ప ఆడేసిన ఎత్తును నేను వెనక్కి తిప్పలేను. ఫోన్ ఆ అమ్మాయికి ఇవ్వమన్నాను. ఓబులేశు ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"నూర్జహాన్, ఫిర్యాదు చేస్తావా అమ్మా?"

"ఇప్పుడొద్దు సార్, నా టైం పోతాండాది," అని మొహం తిప్పేసుకుంది.

ఇంకొన్ని ఎత్తుల్లో ఆ గుర్రమూ పోయింది. మిగిలింది ఒక ఏనుగు, ఎదుటి బంట్లతో ముఖాముఖి ఢీకొని కదల్లేని మూడు బంట్లు, మూలకు పోయిన రాజు. నాలుగు నిమిషాల సమయం. చంద్రకళ మంత్రి రాజు చుట్టూ దారులన్నీ మూసేసింది. ఇంకొక్క ఎత్తుతో ఆట కట్టు. అప్పుడు నూర్జహాన్ తన ఏనుగును తీసుకెళ్లి చంద్రకళ రాజు పక్కనే పెట్టింది, చెక్! కాపలా లేని ఏనుగు. పట్టి చంపడమే.

చంద్రకళ చంపలేదు. రాజును పక్క గడికి జరిపింది. ఏనుగు వెంటబడి మళ్లీ చెక్. రాజు పైకి, ఏనుగు పైకి. రాజు కిందికి, ఏనుగు కిందికి.

"యాలప్పా చంపదు?" అంది నా వెనక అమ్మాయి నా చొక్కా పట్టుకుని లాగుతూ.

చంపితే నూర్జహాన్‌కు కదపడానికి ఒక్క ఎత్తూ ఉండదు. రాజుకు చెక్ లేదు, కదిలే చోటూ లేదు, బంట్లు బిగుసుకుపోయి ఉన్నాయి. అలాంటప్పుడు ఆట డ్రా. దాన్ని స్టేల్‌మేట్ అంటారు. చావడానికి తెగించి వెంటబడే ఆ ఏనుగుకు మావాళ్లు పెట్టుకున్న పేరు పిచ్చి ఏనుగు. చంద్రకళకు అది తెలుసు. అందుకే ఏనుగు చెక్ పెట్టలేని గడి కోసం రాజుతో పరుగెడుతోంది. నూర్జహాన్ గడియారం ఒకటిన్నర నిమిషానికి దిగింది. తర్వాత యాభై సెకన్లు. సమయం అయిపోతే ఆమె ఓడినట్టే. ఇప్పుడు ఆ మౌసు ఇంకోసారి ఎగిరిందంటే పీజీ సీటు గోవిందా. నేను లేచి నిలబడ్డాను. వెనక అమ్మాయిలు నా కుర్చీ ఎక్కేశారు. 'ష్' అనాల్సినవాణ్ణి నేనే అరుస్తున్నాను.

ఇరవై మూడు సెకన్లున్నప్పుడు చంద్రకళ రాజుకు దారులు అయిపోయాయి. ఏనుగును చంపక తప్పలేదు. తెర మీద డ్రా అని పడింది.

మరుక్షణం పీడీ సారు ఫోన్. "ఏమప్పా మార్కరూ, రాజును కదలకుండా కట్టేసినాం గదా! మేము గెలిచినట్టే గదా!"

"లేదు సార్, ఊపిరాడకుండా కట్టేస్తే డ్రా."

"ఇదేం ఆటప్పా!" అని ఆయన ఫోన్ చంద్రకళ చేతికిచ్చారు. "రాజుని ముందే అవతలి పక్కకు తోలింటే గెలిచింటి సార్. తొందరపడితిని," అంది ఆ అమ్మాయి. మౌసు సంగతి ఆమెకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేకపోయింది.

సోమవారం ప్యాసింజరెక్కి ధర్మవరం పోయి నూర్జహాన్‌కు జరిగింది చెప్పాను. తప్పు ఓబులేశుది కాదు, నా నోటీసుదని చెప్పాను. ఆమె విని ఒకే ప్రశ్న అడిగింది: "అయితే ఆయమ్మ నొక్కి వదిలేస్తాంటే ఆడ ఎవరూ ఏమీ అనలేదా సార్?"

"అనలేదమ్మా."

"నేనేమో నొక్కేకే భయపడి సగం టైం పోగొట్టుకుంటి," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నివేదికలో ఇదంతా రాసి ప్రిన్సిపాలుగారికి ఇచ్చాను. ఆయన చదివి, నాలుగో నిబంధన కింద ఎర్ర సిరాతో గీత గీసి, నా సంతకం కింద ఇంకో గీత గీశారు. నూర్జహాన్ జట్టులో ఆడింది, ఆ సర్టిఫికెట్టుతో పీజీలో చేరింది. మరుసటి ఏడు నోటీసు కొత్తగా రాశాను, ఒకే పేజీ. పర్యవేక్షకులందరినీ ముందురోజు ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేతా ఒక ఆట ఆడించి చూశాను. మురికికి బాణం మళ్లీ ఎగరకుండా ప్రతి మౌసులోని బంతిని తీయించి తుడిపించాను.

నిబంధన తెలిసి ఉండటం ఆర్బిటర్ పనిలో సగమే. అది రెండు గదుల్లోనూ ఒకేలా నడుస్తోందా అని ఆట మొదలు కాకముందే చూసుకోవడం మిగతా సగం. ఆ ఏడు నేను మొదటి సగమే చేశాను. మిగతా సగం బరువు నూర్జహాన్ మోసింది.