‘ర’ అంటే రమ్మనే అనుకున్నాయి

ఒకే ఒక్క అక్షరంతో మా ఇంటి బడిని ఎలా ధ్వంసం చేశానో చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. తలుచుకుంటే నాకే నవ్వాగదు.

నైజాం రోజులు. కల్వకుర్తి దగ్గర మా ఊరి సర్కారు బడిలో చదువంతా ఉర్దూ. తెలుగు అక్షరాలు కావలసిన పిల్లలకు మా ఇంటి పంచే బడి, నేనే పంతులమ్మను. పొద్దున్నే పంచలో ఇసుక పరిచి నీళ్లు చిలకరిస్తే లేచే ఆ తడి వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. పంతులమ్మంటే గొప్పగా ఊహించుకోకండి. నేను పాఠం చెబుతుంటే దూలం మీది పిచ్చుకలు కూడా నిద్రపోయేవి, అంత చిన్న గొంతు నాది. పుస్తకాలు మాత్రం తెగ చదివేదాన్ని. అక్షరాన్ని వల్లె వేయించడం కాదు, దాని ధ్వనిని పిల్లల చేతికి తగిలించాలని ఎక్కడో చదివాను. ఇంకేం, పూనకం వచ్చింది.

నా శిష్యుల్లో యాకోబుకు నత్తి. మల్లమ్మకు వినపడదు. ఆమె గొర్రెలు కాసే ఎల్లవ్వ మనవరాలు. ఎల్లవ్వ ముందే తేల్చేసింది:

"పంతులమ్మా, చెవులు ఇనబడని పిల్లకు సదువేంది? బేస్తారం దాక సూస్త. ఒక్క అచ్చరం పల్కకుంటే గొర్లెంబడి తోల్కపోత."

మల్లమ్మ అరచేతిని నా గొంతు మీద పెట్టుకుని, ‘ర’ను సాగదీసి నాలుక ఆడించాను: "ర్ర్ర్ర్ర్!" ఆ అదురు తగలగానే పిల్ల కళ్లు మెరిశాయి. తన గొంతు పట్టుకుని తనూ అదిరించింది. యాకోబుకైతే పండగే. ప్రతి మాట దగ్గరా ఆగిపోయే వాడి నాలుక దీని మీద ఆగకుండా పరుగెత్తింది.

బేస్తవారం రానే వచ్చింది. నీళ్లకు తోలుకుపోతున్న మందను వీధిలో నిలిపి, ఎల్లవ్వ పంచ మెట్టు మీద కూర్చుంది.

"ఏదీ, జర పల్కిపియ్యి."

నేను సిగ్గంతా మరచి సేనాపతినైపోయాను. "అందరూ ఒక్కసారి!"

"ర్ర్ర్ర్ర్ర్ర్!"

ఎల్లవ్వ దిగ్గున లేచింది. "అయ్యో బిడ్డా, ఆపు! గది మా గొర్లను నీళ్లకు పిల్సేటి కూత!"

పుస్తకంలో ఈ సంగతి లేదు మరి! పెళ్లి భోజనానికి పిలిచినట్టు మంద మొత్తం పంచలోకి దూరింది. ఇసుకలో దిద్దిన అక్షరాలు గల్లంతయ్యాయి. మంచినీళ్ల కుండ దొర్లింది. ఒక పొట్టేలు నా కొంగు నమలసాగింది. "ఆపండి, ఆపండి" అని నేను మొత్తుకుంటున్నాను. నా గొంతు సంగతి చెప్పాను కదా. అందరూ ఆపినా మల్లమ్మ ఆపలేదు. కళ్లు మూసుకుని, గొంతు మీద చెయ్యి వేసుకుని, హాయిగా అదిరిస్తూనే ఉంది. వెనకబడ్డ గొర్రెపిల్లలు కూడా వచ్చేశాయి.

ఎల్లవ్వ కళ్లు తుడుచుకుంది. "ఇన్నొద్దులు మంద దీన్ని లెక్కజెయ్యలే. ఇయ్యాల దీని మాట ఇన్నది!" నేను మురిసేలోగా అందుకుంది: "ఇగ బడెందుకు? గొర్లను కాస్తది!"

చూశారా! నేను నేర్పిన అక్షరమే నా శిష్యురాలిని ఎత్తుకుపోతోంది. పుట్టాక మొదటిసారి గట్టిగా అరిచాను: "అవ్వా! ఒక్క అచ్చరానికే గింత మంద వచ్చింది. ఇంకా యాభై దాక ఉన్నయి!"

పొట్టేలు కూడా నమలడం ఆపింది. ఎల్లవ్వ మందను చూసింది, మనవరాలిని చూసింది.

"అయితే అన్నీ నేర్పు బిడ్డా. గని ముందుగాల, గివి బయటికి పోయేటి అచ్చరమేదో గది చెప్పు!"

ఆ అక్షరం నాకింకా దొరకలేదు. అందుకే ఆ సాయంత్రం పెంటికలు ఊడుస్తూ, సరస్వతీదేవి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: వీధిలో మంద ఉండగా ఈ జన్మలో ‘ర’ పలికించను. ఇసుకలో రాయిస్తాను. అదీ చప్పుడు కాకుండా.