బీరన్న మెడ, ఎడమ చెవి గంట

మా వీధి బీరన్న మెడ తిప్పడు. వెనక నుంచి పిలిస్తే పాదాలు జరుపుకుంటూ, ఎడ్లబండి మళ్లినట్టు మనిషి మొత్తం మళ్లుతాడు. ఆయన మళ్లేలోపు నేను గిన్నెడు చిక్కుడుకాయలకు ఈనెలు తీసేస్తాను.

ఈ అలవాటు ఎట్లా వచ్చిందో ఆరా తీయకుండా నేనెట్లా ఉంటాను? అప్పట్లో పక్కకు ఒత్తిగిలినా, తల పైకెత్తినా ఇల్లంతా గిర్రున తిరిగేదట. దానికి తోడు ఎడమ చెవిలో గంట మోత. గొర్లు కాసేవాడికి గంట వినిపిస్తే రోగమనుకుంటాడా? తప్పిపోయిన గొర్రె అనుకున్నాడు. ఒకనాడు నేరుగా మా పెరట్లోకి వచ్చాడు.

"వదినె, నా గొర్రె మీ పెరట్ల ఉంది. గంట ఇనవడ్తాంది."

"నాకు ఇనవడ్తలేదే."

"దాసిపెట్టినోళ్లకు ఎందుకు ఇనవడ్తది?"

కట్టెల మోపు జరిపించాడు, కోళ్ల గూడు తెరిపించాడు. గూట్లో గొర్రె పడుతుందా అంటే, "పిల్లనేమో" అన్నాడు.

చివరికి ఆ గంట కోసమే నీళ్లు పారే ఒర్రె గట్టు మీద వెనక్కి తల తిప్పి, కళ్లు తిరిగి జారిపడ్డాడు. భార్య సుక్కమ్మ ఆయన కర్ర దాచేసింది. "తల తిరుగుడు తగ్గేదాక మంద ఎంట పోయేది లేదు" అంది. కర్ర లేని బీరన్న అన్నం సయించక సగమయ్యాడు. చూడలేక నేనే కల్వకుర్తి దవాఖానకు తోలుకుపోయాను.

డాక్టరమ్మ పడుకోబెట్టి, తల ఇటు వంచి అటు తిప్పి, మెల్లగా లేపింది. "చెవి లోపలి సన్న రవ్వలు జాగా తప్పినయ్. మళ్ల జాగకు పంపిన" అంది.

"మరి గంట?" నేనే అడిగాను.

"అది వేరే సంగతమ్మా. ఒక్క చెవిలనే ఉన్నా రెండూ ఒక్కటే రోగం కావాలని లేదు. ఒకటి పోయినా ఇంకోటి ఉండొచ్చు."

"ఒక్క దొడ్లె రెండు మందలన్నట్టు" అన్నాడు బీరన్న.

తల తిరుగుడు పోయింది, కర్ర చేతికొచ్చింది. మెడ మాత్రం పాత తీరే. అయితే మొన్న మా వీధిలోనే కుక్క మందలో దూరినప్పుడు ఆ మెడ గిర్రున తిరగడం నా కళ్లతో చూశాను.

"ఏం బీరన్నా, మెడ మంచిగనే తిరుగుతాంది గద?"

"మెల్లగ అను, వదినె, ఎవరన్న ఇంటే ఆమెకు చెప్తరు. సుక్కికి చెవులు మందమైనయ్ గద. ఇన్నేండ్లు గొర్ల దిక్కు మొకం పెట్టే మాట్లాడిన. ఆమె ఊకె తలూపేది. ఈ రోగమొచ్చి మొత్తం మళ్లి మాట్లాడుతుంటే, నా మూతి చూసి అన్నీ సమజ్ చేసుకుంటాంది. మెడ బాగయిందని ఒప్పుకుంటే నేను మళ్ల ఎనకటి తీర్గనే అయిత."

"మరి గంట?"

"మోగుతనే ఉంది. ఆమెకు ఉన్నది ఇనవడది, నాకు లేనిది ఇనవడ్తది. సరిపాయె."

ఇంతలో వాళ్ల గుమ్మంలోంచి సుక్కమ్మ పిలిచింది. బీరన్న పాదాలు జరపడం మొదలుపెట్టాడు. నేను చిక్కుడుకాయలు ముందేసుకున్నాను.