టైపు ఆంటీ చేతులు

కాలేజీ దరఖాస్తు కోసం నా గురించి నేను రాసుకోవాల్సిన వ్యాసాన్ని రెండు తెలుగు సినిమా క్యాసెట్లిచ్చి కొనుక్కున్న మొనగాణ్ణి నేను. అమ్మినవాడు ముందు ఏడాది పెద్ద కాలేజీలో సీటు కొట్టిన అమెరికాలో మా ట్రాయ్ ఊరి తెలుగు కుర్రాడే. మూడు అడిగితే రెండుకి దించాను. కిరాణాకొట్టు కుటుంబం మరి.

హైస్కూల్ చివరి ఏడాదికి ముందు వేసవిలో మా ఊరి తెలుగు పిల్లలందరి దరఖాస్తులూ ఒక ఆంటీయే టైపు చేసేవారు. ఒకప్పుడు కాకినాడలో టైపిస్టు. అబద్ధం తగిలితే చాలు, మీటల మీంచి చేతులెత్తి కూర్చుంటారు.

నా కాగితం ఒకసారి చూసి బోర్లించారు. చూడకుండానే టైపు చేయసాగారు. నాయనమ్మ చనిపోయే చోటికి రాగానే చేతులు లేచాయి.

“ఈ నాయనమ్మ ఇప్పటికే ముగ్గురు పిల్లలకి పోయింది నాన్నా. మళ్ళీ పంపితే నీ సీటు గోవిందా. ఇంతకీ మీ నాయనమ్మ ఎలా ఉన్నారు?”

“ఇంట్లో టీవీ వాచ్ చేస్తోంది ఆంటీ.”

“చల్లగా ఉండనీ. నీకు నిజంగా ఏం వచ్చురా?”

“బేరాలు. మా షాప్‌లో.”

“అయితే అదే చెప్పు.”

కొత్త కాగితం ఎక్కించారు. కొట్లో బేరాలన్నీ చెప్పుకుపోయాను. ఆ చేతులు మళ్ళీ లేవలేదు.

ఆరు కాలేజీల్లో నాలుగు వద్దన్నాయి, రెండు రమ్మన్నాయి. టైపింగ్‌కి ఆవిడ అడిగింది రెండు పౌండ్ల బెండకాయలు. అలవాటు కొద్దీ ఒక పౌండుకి దించాను. నవ్వి ఒప్పుకున్నారు. దాచడమెందుకు, అందులోనూ నాలుగు ముదురుకాయలు కలిపాను.