ఉమ్మి తుడిచిన ఆకులు

నా ఉమ్మి మీద నాకే అసహ్యం పుట్టిన రోజు ఒకటి ఉంది. మర్యాదస్తులు ఇలా మొదలుపెట్టరు గానీ, ఈ సంగతికి ఇంతకంటే శుభ్రమైన మొదలు దొరకలేదు.

మార్కాపురంలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కిరణజన్య సంయోగక్రియ పాఠం ఏళ్ల తరబడి చెప్పాను. వెనక బెంచీల మీద ఒక్క కిరణమూ పడలేదు, నిద్ర తప్ప వేరే క్రియ జరగలేదు. ఆ పాపం కడుక్కుందామని, మామూలు జనమే పంటల ఆకులు కొలిచి వివరాలు పంపే ఒక పనిలో చేరాను. కొలిచే పరికరం అరచేతిలో ఇమిడేంత డబ్బా. దాన్ని ఎట్లా తయారు చేయాలో ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టారు. విడిభాగాలు తెప్పించి నేనే అతికించాను. బట్టల క్లిప్పులా ఆకును పట్టుకుని, ఆకుకు ఎంత వెలుతురు అందుతోంది, అందులో తిండి తయారీకి ఎంత వాడుకుంటోంది అన్నది ఫోన్‌లో అంకెగా చూపిస్తుంది. ఆ అంకె, ఆకు ఫొటోతో సహా, ఎవరైనా చూడగలిగే మ్యాపులోకి ఎక్కుతుంది.

మార్కాపురం పక్క పల్లె మాది, ఊరి చివర రాతి పలకల మిల్లు ఉంది. దాన్ని ఆనుకునే అక్క కంది చేను. సొంత అక్క కాదు, వరసకు అక్క. రాయి కోసే మిషను నుంచి లేచే బూడిదరంగు పొడి ఆకుల మీద పేరుకుంటోంది, పూత నిలవడం లేదు. ఇది చాలదన్నట్టు మిల్లు యజమాని రెండో మిషనుకు పంచాయతీని అనుమతి అడిగాడు.

"దుమ్ముకు చేను సచ్చిపోతాందంటే ఒక్కడూ నమ్మటంల్యా తమ్ముడా. నీ డబ్బాతో చెప్పిచ్చు, అప్పుడన్నా నమ్ముతారేమో" అంది అక్క. ఆ అనుమతి సంగతి తేల్చే గ్రామసభకు పదిహేను రోజుల గడువుంది.

కొలవడానికి ఊళ్లోవాళ్లు ఆరుగురు వచ్చారు. అందరూ పలకల మీద దిద్దుకున్నవాళ్లే, సగం మంది పలకలు చేసి బతికినవాళ్లు. మొదటి రోజు చేసి చూపించాలని ఒక ఆకు పట్టుకున్నాను. బూడిదరంగు, దాని మీద పొడి. చెయ్యి నన్ను అడగలేదు. తుపుక్కున ఉమ్మి, అరచేత్తో రుద్ది, మోచేత్తో తుడిచి, క్లిప్పు పెట్టాను. రాసే ముందు పలకకు మా వైపు ప్రతి బిడ్డా చేసే అభిషేకమే అది. చదువుకు ఎంగిలి తగలకూడదని పంతుళ్లు ఎంత కొట్టినా మాకు పోలేదు. ఆరుగురూ ఆరు ఆకుల మీద ఉమ్మారు.

"మీరు చూపిచ్చినట్లే చేసినాం గదా సార్?" అంది ఒకామె.

"భేష్" అన్నాను.

రోజూ మ్యాపులో మా ఊరి మీద చుక్కలు పెరుగుతుంటే మురిసిపోయానే గానీ, ఆ చుక్కలు ఏం చెబుతున్నాయో చూడలేదు. సభ ముందు చూద్దాంలే అనుకున్నాను. పాఠాలు చెప్పినవాడినే అయినా, పరీక్ష దగ్గరపడితే గానీ పుస్తకం తెరవని విద్యార్థి నాలో ఇంకా రిటైర్ కాలేదు.

సభలో ఆ పుస్తకం మిల్లు యజమానే తెరిచాడు. ఫోన్ పైకెత్తి, "సార్ మిషనే చెప్తాంది, చూడండి. చుక్కలన్నీ పచ్చగా ఉండాయి. ఆ చేను నాకంటే ఆరోగ్యంగా ఉంది" అన్నాడు. జనం నవ్వారు. నేను గబగబా నా ఫోన్‌లో ఫొటోలు తెరిచాను. ప్రతి ఆకూ తడితడిగా మెరుస్తోంది. అంచుల్లో ఉమ్మీ పొడీ కలిసిన బూడిద జిగురు. ఫోన్‌ను దూరంగా పట్టుకున్నాను.

లేచి నిలబడ్డాను. "అవి దుమ్ము తుడిచి కొలిచిన ఆకులు. ఆ లెక్క చెల్లదు. తుడవడం నేర్పింది నేనే."

"ఎందుకు తుడిచినారు సార్?" సర్పంచి నిజంగానే అడిగాడు.

"అలవాటు" అన్నాను. అంతకంటే శాస్త్రీయమైన కారణం నా దగ్గర లేదు.

"ఏంది సార్ ఇది! డబ్బా మీదే, చుక్కలు మీవే. ఇప్పుడు కాదంటే ఎట్ల?" అన్నాడు యజమాని. ఇంకో పది రోజులు ఆగమని బతిమాలాను. ఎవరూ ఆగలేదు. పత్రహరితం కొలవడానికి పోయి మిల్లుకు అనుమతి పత్రం ఇప్పించిన ఘనత నాది.

సభ కాగానే అక్క నన్ను బయటికి పిలిచింది. చేనికి తీసుకుపోయి, మిల్లు వైపు సాలులో ఒక కొమ్మ వంచింది. "పెట్టు. తుడవబాక."

పెట్టాను. తుడిచిన ఆకులకు వచ్చిన దాంట్లో సగం కూడా రాలేదు. అక్క ఫోన్ తీసుకుని ఆ అంకె చూసింది.

"ఇదే గదా నేను మొదట్నుంచీ చెప్తా ఉండేది" అంది. "ఇప్పుడు దీన్ని ఎవరికి చూపిచ్చేది?"

మిల్లు గోడ అవతల కొత్త మిషనుకు దిమ్మె కట్టడానికి లారీ కంకర దించుతోంది. ఆ దుమ్ము కూడా మా మీదికే వస్తోంది. అక్క పక్క కొమ్మ వంచింది. నేను క్లిప్పు పెట్టాను.