కుడి చెయ్యి బాగుంది

మొన్న సౌదీలోని ఖోబర్‌లో లిఫ్టు తలుపు మూసుకోగానే నొప్పుల తైలం వాసన వచ్చింది. పక్కన నిలబడిన ముసలాయన మెడకు రాసుకున్నట్టున్నాడు. కర్పూరం, పుదీనా, ఇంకేదో తీయటి ఘాటు కలిసిన ఆ వాసన ఆరో అంతస్తు వచ్చేదాకా నన్ను చుట్టుకునే ఉంది. తలుపు తెరుచుకున్నా నేను దిగలేదు. నాకు కనిపిస్తున్నది ఎదురుగా ఉన్న వరండా కాదు. ఖతీఫ్ వెళ్ళే దారిలో ఒక తెల్లటి గది. కిటికీ అద్దాల మీద సముద్రపు తేమ పాలమీగడలా పేరుకుని, లోపలి మనుషులంతా నీళ్ళ కింద మెల్లగా కదులుతున్నట్టు కనిపించే పొద్దుటి వేళ. ఆ వెలుతురు మధ్యలో కళ్ళు మూసుకుని, ఎవరిదో మోచేతిని రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్న సల్మా మేడం.

సల్మా మేడంది కడప జిల్లా, ప్రొద్దుటూరు. దెబ్బలు తగిలిన ఆటగాళ్ళ కీళ్ళూ కండరాలూ సరిచేసే చదువు చదివి, ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్ళు దాటిందనేవారు. నేను జగిత్యాల వైపు నుంచి ఇళ్ళల్లో పనికని వచ్చినదాన్ని. కొన్నేళ్ళకు ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇకామా, మార్పించుకుని ఆమె క్లినిక్‌లో చేరాను. తువ్వాళ్ళు ఉతకడం, మడవడం, బల్లలు తుడవడం, చాయ్ పెట్టడం నా పని. చేరిన వారానికి, మోకాలు వాచిన ఒక ఫుట్‌బాల్ ఆటగాడు వెళ్ళిపోయాక, ఆమె నన్ను పిలిచారు.

"రాజవ్వా, ఆయప్ప నడుస్తాంటే నీకి ఏం కనపడింది?"

"నాకేమెరుక మేడం. నేను బట్టలుతికేదాన్ని."

"అందుకే అడిగేది. నా ముందర అందరూ బాగానే నడుస్తారు. నీ ముందర నటించేదానికి వాళ్ళకేం పని?"

తువ్వాలు మడుస్తూ చెప్పాను. "తలుపు తీసేటప్పుడు బరువంత గోడ మీదేసిండు మేడం."

ఆమె నవ్వలేదు. పొడుగాటి పుస్తకం ఒకటి తెరిచి, నేను అన్న మాటను అన్నట్టే తెలుగులో రాసుకున్నారు. క్లబ్బులకు ఇంగ్లీషులో పంపే రిపోర్టులన్నిటికీ ఆ పుస్తకమే మూలమని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి ప్రతి మనిషీ వెళ్ళాక అదే ప్రశ్న. అంతవరకు నన్ను ఏం చేశావని అడిగినవాళ్ళే గాని, ఏం చూశావని అడిగినవాళ్ళు లేరు. నా చూపు మారిపోయింది. బకాలా కొట్టుకు పాలకు వెళ్ళినా మనుషుల నడకలే కనిపించేవి. నిద్రలో కూడా తెల్లటి గచ్చు మీద ముఖాలు లేని కాళ్ళు తేలుతూ వచ్చేవి. ఏ కాలు నొప్పిగా ఉందో ఆ కలలో నాకు తెలిసేది.

కొన్ని నెలలకు ఆమె అడగడం మానేసి, పెన్ను నా ముందు పెట్టారు.

"నాకు రాసుడు రాదు మేడం."

"తెలుసు. కూచో."

గోడ మీద మనిషి అస్థిపంజరం బొమ్మ ఒకటి ఉండేది. దాని మీద ఆమె తెలుగులో చీటీలు రాసి అంటించారు. మెడ, భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు. నేను అక్షరాలను ఎముకల మీంచి నేర్చుకున్నాను. ఇప్పటికీ 'భ' రాసేటప్పుడు నా భుజం కొంచెం కదులుతుంది. అప్పటికి నాకు యాభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. మధ్యాహ్నాలు క్లినిక్ ఖాళీగా ఉన్నప్పుడు, తువ్వాళ్ళ యంత్రం గుండ్రంగా తిరుగుతూ ఉంటే, ఆ చప్పుడులో ఒక్కో అక్షరం దిద్దేదాన్ని. ఆమె పెట్టిన నియమం ఒకటే. "కొట్టేయొద్దు. తప్పు రాస్తే తప్పు అట్లే ఉండనీ. కింద సరైంది రాసి పేరు పెట్టు."

ఆ యేడు దగ్గర్లోని ఒక క్లబ్బు కొత్తగా బేస్‌బాల్ జట్టు పెట్టింది. మా ఊళ్ళో ఆడే చిర్రగోనెకు అది దూరపు చుట్టమేమో అనిపించేది నాకు. కాని అందులో ఆటంతా బంతి విసిరేవాడి చేతిలోనే ఉంటుందట. అలా విసిరేవాడే మాటియో. డొమినికన్ రిపబ్లిక్ అనే దేశం నుంచి వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, మాట మాత్రం మెత్తన. అతని భాష నాకు రాదు, నా భాష అతనికి రాదు. ఇద్దరికీ వచ్చిన పదో ఇరవయ్యో అరబ్బీ ముక్కలతో మాట్లాడుకునేవాళ్ళం. నన్ను రాజా అని పిలిచేవాడు. క్లబ్బు అతనితో నాలుగేళ్ళ ఒప్పందం రాసుకోవాలనుకుంటోంది. అంతకు ముందు భుజం ఎలా ఉందో సల్మా మేడం చూసి చెప్పాలి.

"లోపలి ఫొటో తీస్తే సరిపోదా మేడం?" అని అడిగాను.

"బంతి విసిరేవాళ్ళ భుజం ఫొటో తీస్తే అందరిదీ లోపల చిరిగే ఉంటుంది. అట్ల చిరిగినా పదేళ్ళు విసిరేవాళ్ళున్నారు, పది దినాలకు పడిపోయేవాళ్ళున్నారు. ఎవరు ఏ రకమో ఫొటో చెప్పదు. రోజూ ఎట్ల వాడతాడో సూడాల."

క్లబ్బు లెక్కలు చూసే ఇర్ఫాన్ భాయ్ హైదరాబాదు మనిషి. అతను చాయ్ తాగుతూ చెబుతుంటే విన్నాను, సంతకమయ్యాక మాటియో బంతి విసిరినా విసరకపోయినా నాలుగేళ్ళూ జీతం ఇవ్వాల్సిందేనని. ఆ మాట నన్ను ఎక్కడికో తీసుకుపోయింది. నా భర్త మల్లయ్య జిజాన్‌లో కట్టడం పని చేస్తూ మూడో అంతస్తు నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. నెల తిరక్కుండా పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపించారు. ఒళ్ళు విరిగినా జీతం ఆగని మనుషులు ఉంటారని నేను అంతవరకు వినలేదు. తడి తువ్వాళ్ళు ఆరేస్తూ, ఆ నాలుగేళ్ళను ఒక పెద్ద చల్లటి ఇల్లులా ఊహించుకున్నాను. అందులో మల్లయ్య పడుకుని ఉన్నాడు, ఎవరూ లేపడం లేదు.

ఒక సోమవారం పొద్దున డాబా మీద బట్టలు ఆరేయడానికి వెళ్తుంటే, మెట్ల మలుపులో మాటియో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుని, ఆ చేతిని వేరే ఎవరిదో అయినట్టు ఎత్తి మెట్ల కమ్మీ మీద పెట్టుకున్నాడు. పళ్ళు బిగపట్టి ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి దించేశాడు.

"ముష్కిల?" అన్నాను, ఇబ్బందా అని.

"షోయ్," అన్నాడు. కొంచెమే అని. తర్వాత ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించాడు. సగం కట్టిన ఇల్లు. పై అంతస్తు కోసం వదిలిన ఇనుప చువ్వలు ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి. మా ఇంటి మీదా అవే చువ్వలు, అదే తుప్పు. అతను పెదాల మీద వేలు పెట్టుకోలేదు, బతిమాలలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని కిందికి దిగిపోయాడు.

సాయంత్రం పుస్తకం నా ముందుకొచ్చింది. అంతవరకు ఒకటి రెండు మాటలే రాసేదాన్ని, మిగతాది మేడం పూర్తి చేసేవారు. ఆ రోజు ఎవరి సాయం లేకుండా మొదటిసారి ఒక పూర్తి వాక్యం రాశాను. కుడి చెయ్యి బాగుంది.

రెండు రోజులకు ఇర్ఫాన్ భాయ్ రిపోర్టు కోసం వచ్చాడు. మేడం పరీక్షలన్నీ అయిపోయాయి. ఆమె ముందర మాటియో చెయ్యి చక్కగా లేచిందట. రిపోర్టు అతని చేతికిస్తూ ఆమె పుస్తకం కూడా తెరిచి చూపించారు.

"ఇది సూడండి. మా రాజవ్వ సొంతంగా రాసింది. ఒక్క తప్పు లేదు."

"మాషా అల్లా. ఈ వయసులో," అన్నాడతను. "మేడం, మంచి వార్త చెప్పిన్రు. భయమైతుండె మాకు. మా క్లబ్బు చిన్నది. ఒక్క భుజం మీద అంతా పెడుతున్నం. రేపు చెయ్యి పోతే ఇన్సూరెన్సోళ్ళు కట్టాలె. గని పాత దెబ్బ దాచినమని తేలితే వాళ్ళు చెయ్యి దులుపుకుంటరు. అప్పుడు క్లబ్బు కోర్టుకు పోతది. ఆయన కాంట్రాక్టు పాయె, జట్టు పాయె, సంతకం పెట్టిన మీ లైసెన్సు మీదికొచ్చె."

"నేను సూడకుండా పెడతానా?" అని మేడం నవ్వారు.

చాయ్ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళాను. కుళాయి కింద కప్పులు పెట్టి చాలాసేపు నిలబడ్డాను. నీళ్ళు పోతూనే ఉన్నాయి. నేను ఊహించుకున్న చల్లటి ఇంటికి గోడలు లేవని అప్పుడు తెలిసింది. అయినా నన్ను కదిలించింది ఆ లెక్క కాదు. 'ఒక్క తప్పు లేదు' అన్నప్పుడు ఆమె ముఖంలో ఉన్న వెలుగు. ఇర్ఫాన్ భాయ్ వెళ్ళాక పుస్తకం తెరిచి, ఆ వాక్యం కింద ఇంకొకటి రాశాను. ఎంతసేపు పట్టిందో గుర్తు లేదు. ఒత్తులు తప్పాయి. నేను సోమవారం రాసింది అబదం. చెయ్యి లేవదు. రాజవ్వ.

పుస్తకం తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను. ఆమె చదివి, మళ్ళీ చదివారు.

"ఎట్ల ఎత్తినాడో సూపించు."

నా కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని, ఎత్తి బల్ల మీద పెట్టాను.

"మరి నా ముందర బాగానే ఎత్తినాడే."

"ఆ రోజు ఇంజెక్షన్ ఏమన్న తీసుకుండో, పంటి బిగువున ఎత్తిండో, నాకెరుక లేదు మేడం. నేను జూసింది గిది."

"ఎందుకు రాసినావట్ల?"

"మా మల్లయ్యకు నెల జీతం గుడ ఇయ్యలే మేడం. గీయనకైన నాలుగేండ్లు రానీ అనుకున్న."

ఆమె కిటికీ వైపు చూశారు. అద్దం మీద తేమ సన్నటి చారలుగా జారుతోంది. తర్వాత ఫోన్ తీసుకుని ఇర్ఫాన్ భాయ్‌తో, తను ఇచ్చిన రిపోర్టు తప్పని, సంతకాలు ఆపమని, వెనక్కి తెమ్మని చెప్పారు. అవతలి గొంతు పెద్దగా వినిపిస్తూనే ఉంది.

"నా పేరు జెప్పుండ్రి మేడం. తప్పు నాది," అన్నాను.

"చూసిందానికి నీ పేరు పెడతా. తప్పు నాది. నీ వాక్యం సూసి మురిసిపోయి, రెండోసారి ఆయప్పను సూడకుండా సంతకం పెట్టినాను."

తర్వాతి రోజు మాటియోను పిలిపించారు. నన్ను కూడా కుర్చీ వేసుకుని కూర్చోమన్నారు. "మనిషి లేనప్పుడు రాసింది మనిషి ఉన్నప్పుడు చెప్పాల" అన్నారు. ఆమె ఇంగ్లీషులో చెబుతుంటే అతను నేల చూపులు చూస్తూ విన్నాడు. క్లబ్బు ముందైతే అసలు వద్దంది. మేడం మూడు రోజులు వాళ్ళతో మాట్లాడి కొన్ని షరతులకు ఒప్పించారు. పాత దెబ్బ కాగితంలో దాచకుండా రాయాలి, ఒక్క సంవత్సరానికే ఒప్పందం, ఆడిన ఆటకు కొంత ఎక్కువ, భుజం పడిపోతే వైద్యం క్లబ్బుది.

"మేడం, మీరు మా తరఫా, ఆయన తరఫా?" అన్నాడు ఇర్ఫాన్ భాయ్ విసుగ్గా.

"భుజం తరఫు," అన్నారామె.

మాటియో ఆ ఏడాది కాగితం మీదే సంతకం పెట్టాడు. ఆ తర్వాత క్లినిక్‌కి వచ్చినప్పుడల్లా నా పక్కనుంచే నడిచేవాడు, రాజా అని పిలిచేవాడు కాదు. మడిచిన తువ్వాలు అందిస్తే తీసుకుని, నేను అక్కడ లేనట్టే గోడ వైపు తిరిగేవాడు. చలికాలం పోకముందే ఒక ఆటలో అతని చెయ్యి పడిపోయింది. కాగితంలో ఉంది గనక ఆపరేషన్ అయింది, సంవత్సరం చివరిదాకా జీతమూ వచ్చింది. అంతే. పొడిగించడానికి క్లబ్బు ఒప్పుకోలేదు.

"నేను రాయకుంటే ఏమవుతుండె మేడం?" అని ఒక మధ్యాహ్నం అడిగాను. "ఇన్సూరెన్సోళ్ళకు తెలుస్తుండెనో లేదో. తెల్వకపోతే నాలుగేండ్లు వచ్చేటివి గద."

"వచ్చేటివేమో. నాకూ తెలీదు."

"మరి మంచే జేసినమా?"

"అదీ తెలీదు రాజవ్వా. మంచి సూసేదానికి మనకి కండ్లు లేవు. చెయ్యి ఎంత లేస్తుందో సూసేదానికే ఉన్నాయి."

దేశం వదిలి వెళ్ళే ముందు రోజు మాటియో క్లినిక్‌కి వచ్చాడు. మేడంకి చెప్పడానికి వచ్చాడనుకుని లోపలికి చెయ్యి చూపించాను. అతను కదల్లేదు. నా ఎదుట నిలబడి, ఎడమచేతిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. కుడిచేతిని దానంతట దాన్నే ఎత్తడం మొదలుపెట్టాడు. ఆ తెల్లటి వెలుగులో అది చాలా మెల్లగా, నీళ్ళలోంచి పైకి వస్తున్నట్టు లేచింది. భుజం ఎత్తుకు వచ్చి ఆగి వణికింది. నేను బాగా చూసేదాకా అక్కడే పట్టి ఉంచాడు.

"ఉక్తుబీ, రాజా," అన్నాడు. రాసుకో అని.

రాశాను. కుడి చెయ్యి భుజం ఎత్తు వరకు లేచింది. అక్కడ వణికింది. తనే చూపించాడు. కింద పేరు పెట్టాను. మేడం వచ్చి చదివి, ఆ రోజు ఇంకేమీ కలపలేదు.

సల్మా మేడం తర్వాత రెండేళ్ళకు ప్రొద్దుటూరు వెళ్ళిపోయారు. పుస్తకం ఆమెతోనే వెళ్ళింది. నేను ఖోబర్‌లో ఇంకో క్లినిక్‌లో ఉన్నాను. ఇక్కడి చిన్న డాక్టర్లు నేను రాసింది చదివాకే సంతకం పెడతారు. ఆ నాలుగేళ్ళలో మాటియోకు దక్కకుండా పోయినవి మూడేళ్ళు. అవి ఉంటే ఏమయ్యేవో నాకు ఎప్పటికీ తెలియదు. ఎవరి గురించైనా ఒక మాట రాయడానికి పెన్ను పట్టుకుంటే అవి వచ్చి నా చేతి మీద వాలతాయి. నేను వాటిని దులపను. ఆ బరువుతోనే, చూసింది చూసినంతే రాసి, కింద పేరు పెడతాను.