చప్పట్లలో కలిసిపోయిన పిలుపు

నిరుడు మా నాన్న పుదుచ్చేరిలో ఓ ఆసుపత్రి ఐసీయూలో ఉన్నాడు. ఆశ లేదన్నారు. చివరి ఘడియలో పిలుస్తానని తెలుగు మాట్లాడే నర్సు మాటిచ్చింది. విల్లియనూరు గుడి తీర్థం సీసా ఒళ్లో పెట్టుకుని ఐసీయూ బయట హాల్లో కూర్చున్నాను.

సాయంత్రం టీవీలో ఏదో ప్రైవేటు కంపెనీ రాకెట్ మనుషులతో ఎగరబోతోంది. అప్పటిదాకా ఏడ్చినవాళ్లు కూడా లేచి అంకెలు లెక్కపెట్టారు. నేనూ గొంతు కలిపాను. అది పైకి లేవగానే కేకలు, చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

వెనక్కి తిరిగితే నర్సు.

"మూడుసార్లు పిలిస్తిని కదక్కా! మీ నాయన నోట్లో నీళ్లు పోసేదానికి రమ్మంటిని. ఇంక పనిలేదు."

ఆ సీసా మూత ఇప్పటికీ తీయలేదు. ఎవరి కోసం తీయాలి?