సువార్తక్క ఎదురుచూసిన రెండో సొట్ట

నిన్న పొద్దున సువార్తక్క వాట్సాప్ స్టేటస్ చూసి నవ్వుకున్నాను.

"ఇంకో వారమే. మబ్బులూ, జర దూరముండుండ్రి."

హార్ట్ ఎమోజీ పెట్టి వంటింట్లోకి వెళ్లాను. కుక్కర్ దించేలోపే షాపు నుంచి మా ఆయన ఫోన్. సువార్తక్క ఇక లేదట.

నేను నమ్మలేదు. ఇప్పుడే కదా ఆమె స్టేటస్ చూశాను అని ఆయనతో కొట్లాడాను.

కాలేజీకి రెడీ అవుతూ కూలబడిపోయిందట. దవాఖానకు తీసుకెళ్లేసరికే అంతా అయిపోయింది. హార్ట్ ఎటాక్.

తెలియని వాళ్ల కోసం... సువార్తక్క మా పక్కింటావిడ. మెదక్‌లో డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ మేడమ్. తోడబుట్టకపోయినా నాకు అక్కే. క్లాసులు అయిపోతే ఆమె లోకం నక్షత్రాలు.

గుంపుగా ఒకేచోట పుట్టిన నక్షత్రాలు ఉంటాయట. అన్నీ ఒకే ఈడువి. ఆ గుంపు వయసెంతో చెప్పడం అక్క రీసెర్చ్.

ఎట్లా చెప్తావక్కా అని ఒకసారి అడిగాను.

"గా గుంపుల ఒక జంట ఉంటదే. ఒకదాని సుట్టు ఒకటి తిరుగుతయి. ఒకటి అడ్డమొస్తే ఇంకోటి దాక్కుంటది, వెలుగు తగ్గుతది. ఎంత తగ్గింది, ఎంతసేపు తగ్గింది చూస్తే సైజు తెలుస్తది. బరువు వేరే లెక్కల చూస్తం. నక్షత్రం ముసలైతున్న కొద్దీ ఉబ్బుతది. గా జంట వయసు తేలితే గుంపు మొత్తం వయసు తేలినట్టే."

"అయితే నన్ను చూసి నా వయసు చెప్పు."

"నువ్వు పెండ్లయినంక ఉబ్బినవ్. లెక్క తప్పుతది పో."

అట్లా ఉండేది ఆమెతో.

మాది ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. ఏదో సెమినార్ కోసం అక్క ఒక పోస్టర్ ఇచ్చింది. ఆ జంట నక్షత్రాల వెలుగు గ్రాఫ్, సాఫీగా పోతున్న గీత, మధ్యలో ఒకచోట కిందికి సొట్ట. మా ఆయనకు పెళ్లి ఫొటోల్లో మొటిమలు తీసేసే అలవాటు కదా. ఫైల్ పాడైందనుకుని ఆ సొట్ట పైకి లేపి, గీత నున్నగా చేసి, పోస్టర్ ప్రింట్ కొట్టేశాడు. పైగా ఫ్రీ సర్వీస్ అని చెప్పుకున్నాడు.

అక్క పోస్టర్ విప్పి చూసి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది.

"తమ్మీ, నేను ఇన్నేండ్లు పట్టుకున్నది గా ఒక్క సొట్టనేరా. దాన్నే మాయం జేసినవ్!"

తిడుతుందనుకున్నాం. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. మళ్లీ ప్రింట్ చేయించి, కుడివైపు కొంచెం జాగా ఖాళీ ఉంచమంది. రెండో సొట్ట దొరికితే అక్కడ పెట్టాలట.

ఎందుకంటే ఒక్క సొట్టతో పని కాదు. జంటలో ఇది దాని ముందుకొచ్చినప్పుడు ఒక సొట్ట, అది దీని ముందుకొచ్చినప్పుడు ఇంకొకటి. రెండూ దొరికితేనే లెక్క గట్టిగా తేలుతుంది. ఈ జంటేమో చాలా నిదానం. ఏడాదికి ఒక్కసారే చాన్స్.

మొదటిసారి రెండో సొట్ట సరిగ్గా సగం దారిలో వస్తుందనుకుని టెలిస్కోప్‌లో చూసింది. రాలేదు. వాటి దారి గుండ్రంగా కాదు, కోడిగుడ్డు లాగా ఉందని తర్వాత అర్థమైంది. పోయినేడు టైమ్ కరెక్ట్. కానీ మబ్బు.

ఈసారి వచ్చే వారం. లద్దాఖ్ కొండల మీద టెలిస్కోప్. అక్క స్టూడెంట్ శిరీష ముందే వెళ్లి అక్కడ ఉంది.

పోయిన నెల మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. అక్క మేనమామ దావీదు మామది హవేలిఘనపూర్‌లో వరి పొలం. పాస్టర్ గారిని వాన కోసం ప్రార్థన చేయమన్నాడు. వెంటనే అక్క లేచి, మబ్బు పట్టకుండా ప్రార్థన చేయుండ్రి అంది.

మామకు కోపం నషాళానికంటింది. "నీ చుక్కల కోసం నా నారు ఎండాల్నానే?"

"నీ వాన నీకే మామా. నాకు లద్దాఖ్‌ల మబ్బు వద్దు."

"గదేదో సరిగ్గ చెప్పు మరి. ప్రభువు ఆడిదీడ, ఈడిదాడ చేస్తే ఎవలు జిమ్మెదారి?"

పాపం పాస్టర్ గారు రెండు ఊర్ల పేర్లూ విడివిడిగా పలికి మరీ ప్రార్థన చేశారు. అందరం ముఖాలు దాచుకుని నవ్వాం.

నిన్న సాయంత్రం శిరీష ఫోన్ చేసింది. ఏడుస్తోంది. మేడమ్ ముఖం చివరిసారి చూడాలి, దిగి వచ్చేస్తానంది. కొండ దిగితే మళ్లీ టైముకు పైకి చేరడం కుదరదు.

అక్క వాళ్లమ్మ ఫోన్ తీసుకుంది. 

"రాకు బిడ్డా. ఆడనే ఉండు. నా బిడ్డ చూడాల్సింది నువ్వు చూడు."



ఈరోజు సమాధి దగ్గర పాస్టర్ గారు కుటుంబంలో ఎవరైనా ప్రార్థన చేయండి అన్నారు. దావీదు మామ టవల్ తీసి ముందుకొచ్చాడు. వాన లేక ఆయన నారు సగం ఎర్రబడిందని మా అందరికీ తెలుసు.

"ప్రభువా, నా వాన తర్వాతనన్న ఇయ్యి. వచ్చే వారం లద్దాఖ్‌ల మాత్రం ఒక్క మబ్బు రానియ్యకు. లద్దాఖ్, ప్రభువా. మెదక్ కాదు."

ఈసారి ఎవరం నవ్వలేదు.

అక్కా, పోస్టర్‌లో నీ ఖాళీ జాగా అట్లాగే ఉంది. మా ఆయన దాన్ని ముట్టుకోడు.

నువ్వు నిమ్మళంగా పడుకో. మబ్బుల సంగతి మామ చూసుకుంటున్నాడు.